హీట్ పంప్ కొనేముందు ఏం అడగాలె: గ్యాస్, కూలోళ్లు, తుక్కు సామాన్

ఏసీలు, గీజర్లు అమ్మే షాపుకు పోతే ఇప్పుడు హీట్ పంప్ అని ఒకటి చూపెడుతున్నరు, నీళ్లు కాగబెట్టే మెషిన్, "సార్ ఇది పర్యావరణానికి మంచిది, కరెంటు మూడో వంతే కాలుతది" అని సేల్స్ పిలగాడు ఒక పాంప్లెట్ చేతుల పెడతడు, దాని మీద ఆకు బొమ్మ ఉంటది, పచ్చ రంగు ఉంటది, కింద మల్ల ధర ఉంటది, అంతే. కరెంటు మూడో వంతు అనేది చాలా మటుకు నిజమే. మిగిలిన మంచితనం సంగతి ఎట్ల తెల్సుకోవాలె, ఏం అడగాలె, ఏ కాయితం చూడాలె అనేది ఇక్కడ రాస్తున్న, నల్లగొండ అయినా పాలమూరు అయినా సూర్యాపేట అయినా పనికొస్తది.

నా లెక్క ప్రకారం అయితే కంపెనీ ఫ్యాక్టరీల ఏం జరుగుతుందో మనం ఇక్కడ కూసొని సగమే తెల్సుకోగలం. గాని అసలు పెద్ద నష్టం ఫ్యాక్టరీల కంటే మన గోడ మీద, ఫిట్టింగ్ కాడ, పదేండ్లకు తుక్కుకు వేసే కాడ జరుగుతది. అది పూర్తిగ మన చేతులనే ఉంది, దాని గురించి ఏ పాంప్లెట్ల రాయరు.

పని చేసే తీరు రెండు ముక్కల్ల చెప్త. ఏసీ, ఫ్రిజ్, హీట్ పంప్ మూడూ ఒక్క జాతే. ఏసీ ఇంట్ల వేడిని గుంజి బయట పారేస్తది, హీట్ పంప్ బయటి గాలిల వేడిని గుంజి నీళ్ల టాంకులకు ఎక్కిస్తది. వేడిని పుట్టియ్యదు, మోస్తది, అందుకే కరెంటు తక్కువ కాలుతది. మోసేది మాత్రం లోపల తిరిగే గ్యాస్. ఆ గ్యాస్ కాడనే అసలు కథ ఉన్నది.

ముందుగాల అసలు కావాల్నా చూసుకోండ్రి

100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 2.9 యూనిట్ల వేడి కావాలె, ఇది ఫిజిక్స్ లెక్క, ఏ కంపెనీ వచ్చినా మారదు. గీజర్ అయితే ఆ 2.9 యూనిట్లు మొత్తం మీటర్ల తిరుగుతయి. హీట్ పంప్ సీఓపీ 3 ఉంటే, అంటే ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తే, 1 యూనిట్ తోని అయిపోతది. 100 లీటర్లకు దగ్గర దగ్గర 2 యూనిట్లు మిగులుతయి అన్నట్టు.

ఇగ నలుగురున్న ఇల్లు, చలికాలం నాలుగు నెలలు, రోజుకు 100 లీటర్లు అనుకోండ్రి. ఏడాదికి 240 యూనిట్లు మిగిలె. యూనిట్‌కు 8 రూపాయలు వేస్కున్నా 2 వేలు దాటదు. హీట్ పంప్ ధర మామూలు గీజర్‌కు ఎన్నో రెట్లు ఉంటది, ఆ పైసలు ఎప్పుడు తిరిగి రావాలె, మన దగ్గర మార్చి నుంచి మిద్దె మీది ప్లాస్టిక్ టాంకు నీళ్లే కాలుతుంటయి, ఎండకాలంల పొద్దున్నే బకెట్లు నింపి పెట్టుకోకపోతే మధ్యాహ్నం స్నానం చేసుడే కష్టం, అటువంటి ఊర్లె చిన్న కుటుంబానికి హీట్ పంప్ అమ్ముడంటే సేటుకు లాభం తప్ప ఇంకెవ్వరికి లేదు. సోలార్ వాటర్ హీటర్ పెట్టుకోండ్రి, లేకుంటే ఉన్న గీజర్‌నే నడిపియ్యండ్రి. తయారు చెయ్యని మెషిన్‌కు రాగి అక్కరలేదు, గ్యాస్ అక్కరలేదు.

కాని హాస్టల్, నర్సింగ్ హోమ్, లాడ్జి, ముప్పై మంది తినే మెస్, పెద్ద ఉమ్మడి కుటుంబం, వీళ్ల లెక్క వేరే. రోజుకు 1000 లీటర్లు కాగబెట్టే హాస్టల్‌ల గీజర్లకు 29 యూనిట్లు పోయేకాడ హీట్ పంప్‌కు 10 పోతయి. 300 రోజులు నడిస్తే 5,700 యూనిట్లు మిగులుతయి, అది మామూలు సంగతి కాదు. మన కరెంటు ఎక్కడికెళ్లి వస్తదో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, దామరచర్ల మండలం వీర్లపాలెం కాడ యాదాద్రి థర్మల్ ఉన్నది, 4000 మెగావాట్ల ప్లాంట్, బొగ్గు తోని నడుస్తది. నాగార్జునసాగర్, శ్రీశైలం హైడల్ ఉన్నయి గాని అవి నీళ్లున్నప్పుడే. దేశం మొత్తం గ్రిడ్ సగటు తీస్తే యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతది. అంటే పైన చెప్పిన చిన్న ఇంటికి ఏడాదికి మిగిలేది 170 కిలోలు, హాస్టల్‌కు మిగిలేది దగ్గర దగ్గర 4 టన్నులు. ఈ 170 అనే అంకె గుర్తు పెట్టుకోండ్రి, గ్యాస్ కాడ మల్ల వస్తది.

గ్యాస్ పేరు అడగకుండ పైసలు కట్టొద్దు

షాపుల సేటును మొట్టమొదలు అడగాల్సింది స్టార్లు ఎన్ని అని కాదు, లోపల ఏం గ్యాస్ అని. "మంచి గ్యాసే సార్, కంపెనీ గ్యాస్" అంటే ఊకోవద్దు, మెషిన్ పక్కకు అతికిచ్చిన ప్లేట్ చూపియ్యమనండ్రి. ఆర్-410ఏ, ఆర్-32, ఆర్-134ఏ, ఆర్-290 అని ఏదో ఒకటి రాసి ఉంటది, పక్కన ఎంత బరువు అని గ్రాములల్ల గాని కిలోలల్ల గాని రాసి ఉంటది. ఫోన్‌ల ఫొటో తీసుకోండ్రి, ఈ ఫొటో తర్వాత మూడు నాలుగు సార్లు పనికొస్తది.

ఆ పేర్లకు అర్థం ఏందంటే, ఒక్కో గ్యాస్ గాల్లె కలిస్తే భూమిని ఎంత వేడెక్కిస్తదో ఒక అంకె ఉంటది, జీడబ్ల్యూపీ అంటరు, ఒక కిలో గ్యాస్ వందేండ్లల్ల ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తోని సమానం అని. ఆర్-410ఏకు అది 2088. ఆర్-134ఏకు 1430. ఆర్-32కు 675. ఆర్-290కి 3 చుట్టుపక్కల. ఇప్పుడు ఆ 170 తీయండ్రి. కిలో ఆర్-410ఏ పట్టే మెషిన్ పెట్టిన్రు, ఫిట్టింగ్ సరిగ లేక గ్యాస్ అంతా లీకై పోయింది, 2088ని 170 తోని భాగిస్తే 12. పన్నెండేండ్లు కరెంటు ఆదా చేసి కూడబెట్టిన పుణ్యం ఒక్క లీకుతోని పాయె. మెషిన్ పన్నెండేండ్లు నడుస్తదో లేదో అది వేరే ముచ్చట. అదే ఆర్-32 అయితే నాలుగేండ్ల పుణ్యం పోతది. ఆర్-290 అయితే లెక్కల కూడ రాదు. పచ్చ ఆకు బొమ్మ మాత్రం అన్నింటి మీద ఒక్కటే.

ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంట సిలిండర్ల బ్యూటేన్ తోని కలిసి ఉండేది అదే. అంటుకుంటది కదా అని భయపడతరు, భయం న్యాయమే, గాని మన వంటింట్ల 14.2 కిలోల సిలిండర్ పెట్టుకొని పండుకుంటం, ఈ ఇంటి మెషిన్లల్ల ఉండేది కొన్ని వందల గ్రాములు. సమస్య గ్యాస్‌ది కాదు, తెల్వని మెకానిక్ ది. ఆర్-290 మెషిన్‌ను దాని ట్రైనింగ్ ఉన్నోడే ముట్టాలె, దగ్గర బీడీ ముట్టియ్యొద్దు, బందు ఉన్న స్టోర్ రూంల పెట్టొద్దు, గాలి ఆడే జాగల పెట్టాలె. మన దేశంల గోద్రెజ్ కంపెనీ 2012 నుంచే ఈ గ్యాస్ తోని ఇంటి ఏసీలు చేసింది, అంటే ఇది కొత్తగ ప్రయోగం ఏం కాదు. ఆర్-32 గూడ కొంచెం అంటుకునే రకమే, అది చాలా మందికి తెల్వదు, మన ఇండ్లల్ల ఇప్పుడున్న కొత్త ఏసీలల్ల ఎక్కువ అదే.

ప్రభుత్వాలు గూడ ఇదే దారి పట్టినయి. ఓజోన్ పొర కోసం 1987ల మాంట్రియల్ ఒప్పందం అయింది, దాంట్లనే 2016 అక్టోబర్ల రువాండా దేశం కిగాలీల ఈ వేడెక్కించే గ్యాస్‌లను తగ్గియ్యాలని ఇంకో ఒప్పందం రాసుకున్నరు, మన దేశం 2021ల ఒప్పుకున్నది. 2028 నుంచి వాడకం పెరగనియ్యొద్దు, 2032 నుంచి తగ్గించుకుంటా పోవాలె, 2047 వరకు 85 శాతం తగ్గాలె. యూరప్‌ల 2024ల కొత్త చట్టం వచ్చింది, 2027 నుంచి చిన్న మోనోబ్లాక్ (గ్యాస్ భాగం మొత్తం ఫ్యాక్టరీలనే సీల్ అయి వచ్చే రకం) హీట్ పంపులల్ల జీడబ్ల్యూపీ 150 దాటిన గ్యాస్ పెట్టి అమ్మనియ్యరు. దీంట్లకెళ్లి మనకు పనికొచ్చే మాట ఒక్కటే, ఇయ్యాల ఆర్-410ఏ మెషిన్ చవుకగ వస్తుందని కొంటే పదేండ్లకు ఆ గ్యాస్ దొరుకుడు కష్టం, దొరికినా ధర మండుతది. ఆర్-22 గ్యాస్ తోని నడిచే పాత ఏసీలు ఉన్నోళ్లకు ఈ బాధ ఇప్పటికే ఎరుక.

సేటు "ఇది ఓజోన్ ఫ్రెండ్లీ" అంటే నవ్వి ఊకోండ్రి. ఆర్-410ఏ గూడ ఓజోన్‌ను ఏం చెయ్యదు, భూమిని మాత్రం వేడెక్కిస్తది. ఒక నిజం చెప్పి ఇంకోటి దాచుడు అన్నట్టు. ఇట్లాంటి పచ్చ మాటలకు రుజువు చూపెట్టాలె అని వినియోగదారుల శాఖ కింద ఉన్న సీసీపీఏ 2024 అక్టోబర్ల గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, క్లీన్ అని ఊరికెనే రాసుకుంటే కుదరదు, దేనికి అంటున్నరో చెప్పాలె, ఆధారం ఉండాలె. కాబట్టి "ఏ లెక్కన గ్రీన్, కాయితం చూపియ్" అని అడిగే హక్కు మనకు ఉన్నది.

ఫ్యాక్టరీ సంగతి, కూలోళ్ల సంగతి

ఇది కష్టమైన భాగం, జర ఓపిక కావాలె. పాలమూరోళ్లకు కూలి అంటే ఏందో చెప్పనక్కర్లేదు, దేశంల ఏ డ్యాం చూసినా పాలమూరు లేబర్ అనేటోళ్లు, కాంట్రాక్టర్ చేతుల పడితే ఎట్లుంటదో మన ఇండ్లల్ల పెద్దోళ్లను అడిగితే చెప్తరు. జడ్చర్ల పోలేపల్లి సెజ్ చుట్టుపక్కల, చౌటుప్పల్ దిక్కు ఉన్నోళ్లకు ఫ్యాక్టరీ నీళ్లు యాడికి పోతయి అనే ప్రశ్న ఎందుకు అడగాల్నో గూడ ఎరుకే. హీట్ పంప్ చేసే ఫ్యాక్టరీ ఇంకో రాష్ట్రంల, ఇంకో దేశంల ఉన్నంత మాత్రాన ప్రశ్న మారదు కదా.

షేర్ మార్కెట్ల ఉన్న కంపెనీ అయితే మనకు ఒక మంచి కాయితం దొరుకుతది. షేర్ మార్కెట్‌ను చూసుకునే సెబీ రూల్ ప్రకారం 2022-23 నుంచి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఏటా బీఆర్ఎస్ఆర్ (BRSR) అనే, కూలోళ్ల సంగతి, పర్యావరణం సంగతి చెప్పే రిపోర్ట్ ఇయ్యాలె. కంపెనీ వెబ్‌సైట్ల ఇన్వెస్టర్స్ అని ఉంటది, దాంట్ల యాన్యువల్ రిపోర్ట్ పీడీఎఫ్, అది దించుకోండ్రి, వందల పేజీలు ఉంటది గాని మొత్తం చదవొద్దు. సెర్చ్‌ల బీఆర్ఎస్ఆర్ అని కొట్టి ఆ భాగానికి పోండ్రి. మొదట్లనే ఒక టేబుల్ ఉంటది, పర్మనెంట్ వర్కర్లు ఎంతమంది, పర్మనెంట్ కానోళ్లు ఎంతమంది అని. ఫ్యాక్టరీల వెయ్యి మంది ఉంటే దాంట్ల ఎనిమిది వందలు కాంట్రాక్ట్ వాళ్లే అని తేలితే ఆ కంపెనీ బ్రోచర్ల రాసిన "మా కుటుంబం" అనే మాటకు ఎంత విలువ ఇయ్యాల్నో మీరే చూసుకోండ్రి. తర్వాత సేఫ్టీ టేబుల్ ఉంటది, ఆ ఏడాది ఎంతమందికి దెబ్బలు తగిలినయి, ఎంతమంది చనిపోయిన్రు, ఉద్యోగులు వేరే వర్కర్లు వేరేగ రాస్తరు. కనీస వేతనం టేబుల్ ఉంటది, ఎంతమందికి కరెక్టుగ కనీస వేతనమే ఇస్తున్నరు, ఎంతమందికి అంతకంటే ఎక్కువ అని. పర్యావరణం భాగంల నీళ్లు ఎంత వాడిన్రు, ఎక్కడ వదిలిన్రు, చెత్త ఎంత, దాంట్ల మల్ల వాడింది ఎంత అని ఉంటది. ఒక్క ఏడాది చూస్తే తెల్వదు, రెండేండ్లవి పక్క పక్కన పెట్టుకొని చూడండ్రి, పెరుగుతున్నయా తగ్గుతున్నయా అనేదే ముచ్చట.

దీని లోపం గూడ చెప్పాలె. ఇది కంపెనీ తన గురించి తాను రాసుకునేది. ఇంకోటి, కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే భాగం) ఒక కాడ, పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) ఒక కాడ, టాంకు ఇంకో కాడ చేయించి తెస్తరు, ఆ సప్లయర్ల కూలోళ్ల లెక్క దీంట్ల సరిగ రాదు. లిస్ట్ కాని కంపెనీలు, ఇక్కడ లిస్ట్ కాని బయటి దేశం కంపెనీల శాఖలు ఇది ఇయ్యనే ఇయ్యవు, వాటికి ఐతే వాళ్ల అసలు కంపెనీ రిపోర్ట్ చూడాలె.

సర్టిఫికెట్లు చూపెడతరు, ఏది ఏందో తెల్సుకుంటే మోసపోం. ఐఎస్ఓ 9001 అంటే క్వాలిటీ పద్ధతి, పర్యావరణంతోని దానికి సంబంధం లేదు, అయినా అదే ముందు చూపెడతరు. 14001 అంటే పర్యావరణం చూసుకునే పద్ధతి ఉన్నది అని, పొగ రాదు అని కాదు. 45001 అంటే కార్మికుల భద్రత పద్ధతి. ఎస్ఏ 8000 అంటే బాల కార్మికులు, పని గంటలు, జీతం, యూనియన్ పెట్టుకునే హక్కు ఇట్లాంటివి తనిఖీ చేసేది, ఇది ఉన్న ఫ్యాక్టరీ దొరికితే కొంచెం నమ్మొచ్చు, కాని సర్టిఫికెట్ మీద ఏ ఫ్యాక్టరీ అడ్రస్ ఉన్నదో చూడండ్రి, హెడ్ ఆఫీసుకు తీస్కొని ఫ్యాక్టరీకి తీస్కోనోళ్లు ఉంటరు.

మేడ్ ఇన్ ఇండియా అనే స్టిక్కర్ గురించి ఒక మాట. బయటికెళ్లి తెచ్చిన డబ్బా మీద ఏ దేశంల తయారైంది, దిగుమతి చేసినోడు ఎవ్వడు, అడ్రస్ ఏంది అని రాయాలని లీగల్ మెట్రాలజీ రూల్ ఉన్నది. కాని లోపలి కంప్రెసర్ చైనాది అయి డబ్బా ఇక్కడ బిగిస్తే బయట మేడ్ ఇన్ ఇండియా అనే ఉంటది. అది తప్పు అని కాదు, చైనా గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీలు ఈ పనిల మనకంటే చాలా ముందే ఉన్నయి. ఇక్కడ తయారు చేయించాలనే 2021ల కేంద్రం ఏసీలకు, ఎల్ఈడీ లైట్లకు కలిపి 6,238 కోట్లతోని పీఎల్ఐ (ఇక్కడ తయారు చేస్తే ప్రోత్సాహం ఇచ్చే) స్కీం పెట్టింది, మన పక్కనే శ్రీసిటీల డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలు వచ్చినయి. దగ్గర చేస్తే స్పేర్లు తొందరగ దొరుకుతయి, అది నిజమైన లాభం. కాబట్టి "కంప్రెసర్ ఎవ్వరిది, యాడ చేసింది" అని వేరేగ అడుగుండ్రి.

ఇంకింత లోపలికి పోతే ఇన్వర్టర్ కంప్రెసర్ మోటార్ల అయస్కాంతాలు ఉంటయి, దానికి నియోడైమియం, డిస్ప్రోసియం లాంటి ఖనిజాలు కావాలె. అవి ఎక్కువ చైనా చేతుల ఉన్నయి, డిస్ప్రోసియం లాంటివి మయన్మార్ కచిన్ రాష్ట్రం గుట్టలళ్ల రసాయనాలు పోసి తీస్తరు, అక్కడి వాగులు, భూములు ఖరాబైనయి. ఏ కంపెనీది కొన్నా ఈ మరక పూర్తిగ పోదు. మనం చేసేది ఏందంటే కొన్న మెషిన్‌ను ఎక్కువ ఏండ్లు నడిపిచ్చుడు, మల్ల కొనకుండ. అది నీళ్ల కాడ చెప్త.

ఫిట్టింగ్ రోజు ఇంట్లనే ఉండుండ్రి

వీలైతే మోనోబ్లాక్ రకం తీస్కోండ్రి, అంటే గ్యాస్ ఉండే భాగం మొత్తం ఫ్యాక్టరీలనే సీల్ అయి వస్తది, మన ఇంట్ల నీళ్ల పైపులు, కరెంటు కలిపితే సరిపోతది. స్ప్లిట్ రకం అయితే మన గోడ మీద రాగి పైపులు కలుపుతరు, ఆ జాయింట్ల కాడనే లీకులు.

స్ప్లిట్ అయితే చూడాల్సింది ఇది. రాగి పైపు చివర కటర్ తోని కోసి, అంచుకు గరుకు లేకుండ గీకి, ఫ్లేర్ టూల్ తోని గంట లెక్క విప్పుతరు, అది పగుళ్లు లేకుండ నున్నగ రావాలె, నట్ బిగించేకాడ రెండు స్పానర్లు పెట్టి బిగియ్యాలె, ఒక్కదాంతోని గుంజితే పైపు మెలి తిరుగుతది. తర్వాత నైట్రోజన్ ఎక్కించి జాయింట్ల కాడ సబ్బు నురుగు రాయాలె, బుడగ వస్తే లీకు. బుడగ లేదంటే వాక్యూమ్ పంప్ పెట్టి లోపలి గాలి, చెమ్మ మొత్తం గుంజాలె, గేజ్ నిలబడ్డదా లేదా చూసి అప్పుడు ఔట్‌డోర్ వాల్వులు విప్పాలె. కాని మన దగ్గర చాలా మంది ఏం చేస్తరంటే, టైం లేదని వాక్యూమ్ పంప్ తేనే తేరు, వాల్వ్ కొంచెం లూజు చేసి లోపల ఉన్న గ్యాస్ తోనే గాలిని బయటికి నెట్టేస్తరు, సుయ్ మని ఒక చప్పుడు, "అయిపోయింది సార్, కూలింగ్ సూపర్". ఆ సుయ్ మన్నదే మనం పైసలు పెట్టి కొన్న గ్యాస్, అదే గాల్లె కలిసింది. పైంగ చెమ్మ లోపలనే ఉండి కంప్రెసర్ ఆయిల్‌ను ఖరాబు చేస్తది. బుకింగ్ చేసేటప్పుడే "వాక్యూమ్ పంప్ తెస్తెనే రా తమ్మీ, దానికి వేరే పైసలు ఇస్త" అని చెప్పుండ్రి, ముందుగాల చెప్తే తెస్తరు, వచ్చినంక అంటే మొఖం మాడుస్తరు.

పైసల సంగతి వచ్చింది కాబట్టి, ఈ మెకానిక్ పిలగాండ్లకు కంపెనీ నెల జీతం ఇయ్యదు ఎక్కువ మందికి, ఏజెన్సీ కాల్‌కు ఇంత అని ఇస్తది, అందుకే రోజుకు ఎన్ని ఎక్కువ ఇండ్లు తిరిగితే అంత. రెండో అంతస్తు సజ్జ మీద ఒక కాలు, కిటికీ ఊచ మీద ఇంకో కాలు పెట్టి నలభై కిలోల యూనిట్ బిగిస్తుంటడు, నడుముకు బెల్ట్ ఉండదు. ఫ్యాక్టరీల కార్మికుల భద్రత గురించి రిపోర్టులు వెతికి, మన ఇంటి సజ్జ మీద పిలగాన్ని బెల్ట్ లేకుండ ఎక్కిస్తే ఏం లాభం. బెల్ట్, తాడు తెమ్మనండ్రి, లేకుంటే మెషిన్‌ను మిద్దె మీద, కింద దిమ్మె మీద పెట్టియ్యండ్రి, తర్వాత సర్వీసుకు గూడ అదే సులువు. గ్యాస్ సంగతి నేర్పే ట్రైనింగులు సర్కారు దిక్కెళ్లి నడుస్తయి, 2019ల వచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌ల లక్ష మంది టెక్నీషియన్లకు ట్రైనింగ్, సర్టిఫికెట్ ఇయ్యాలని రాసిన్రు, కాబట్టి సర్టిఫికెట్ ఉందా తమ్మీ అని మర్యాదగ అడిగితే తప్పు లేదు.

ఒకటి మాత్రం గట్టిగ పట్టుకోండ్రి. గ్యాస్ అనేది పెట్రోల్ తీరు కాలి అయిపోయేది కాదు. "ఏటా గ్యాస్ నింపాలె సార్" అన్నోడు అబద్ధం అయినా చెప్తున్నడు, లేకుంటే లీకు పట్టుడు రానోడు అయినా అయి ఉండాలె. తక్కువైందంటే ఎక్కడనో పోతున్నది, ముందు లీకు పట్టి అతికించాలె, తర్వాతనే నింపాలె, ప్లేట్ మీద రాసిన బరువు చూసి తూకం పెట్టి నింపాలె. ఫొటో తీసి పెట్టుకోమన్నది అందుకే.

మన నీళ్లతోని జాగ్రత్త

నల్లగొండ నీళ్లంటే అందరికి ఫ్లోరైడ్ యాదికొస్తది, మెషిన్లకు మాత్రం శత్రువు ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లల్ల ఉండే సున్నం. గీజర్ రాడ్ బయటికి తీస్తే తెల్లగ పెంకు కట్టి ఉంటది కదా, అదే హీట్ పంప్ కాయిల్‌కు పడితే వేడి ఎక్కదు, కంప్రెసర్ ఎక్కువ సేపు నడుస్తది, మూడో వంతు కరెంటు అన్న మాట నిలవదు. కాయిల్ నీళ్లల్ల మునిగి ఉండే రకం కంటే టాంకు బయట చుట్టి ఉండే రకం మన బోరు నీళ్లకు మంచిది. మిషన్ భగీరథ కనెక్షన్ నీళ్లు టాంకుకు ఇయ్యగలిగితే ఇంకా మంచిది. టాంకుల మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటది, ఆనోడ్ అంటరు, టాంకు తుప్పు పట్టకుండ అది తాను కరుగుతది. కరిగిపోయినంక టాంకు వంతు. ఏటా ఒకసారి విప్పి చూపియ్యమనండ్రి, సన్నబడితే కొత్తది వేయించుకోవాలె, దాని ధర తక్కువ, టాంకు ధర ఎక్కువ. చాలా మంది సర్వీసోళ్లు పైన బట్టతోని తుడిచి సంతకం పెట్టించుకొని పోతరు.

టైమర్ పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు పెట్టుండ్రి. చలికాలంల గూడ మన దిక్కు పగటి గాలి వెచ్చగనే ఉంటది, గాలి ఎంత వెచ్చగుంటే మెషిన్ అంత తక్కువ కరెంటు తింటది, మిద్దె మీద సోలార్ ప్యానెల్ ఉంటే ఆ టైంకు కరెంటు గూడ మన ఇంటిదే. టాంకు మంచిగ ఉంటే తెల్లారి దాంక వేడి ఆగుతది. 50, 55 డిగ్రీలు సాలు, వారానికి ఒకసారి 60 దాటనియ్యాలె, బ్యాక్టీరియా పెరగకుండ. అన్నట్టు ఈ మెషిన్ చల్లగాలి వదులుతది, అది వంటింటి దిక్కు వచ్చేటట్టు పెట్టుకున్నోళ్లు తెలివిగల్లోళ్లు.

పాత మెషిన్ ఎవ్వరికి ఇస్తున్నరు

"పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటం" అని ఆటో మైకు పెట్టుకొని వస్తది. పాత ఏసీ గాని హీట్ పంప్ గాని చూడంగనే వాని కన్ను రాగి మీదనే ఉంటది. కటింగ్ ప్లేయర్ తోని పైపు కట్ చేస్తడు, ఉన్న గ్యాస్ అంతా రెండు నిమిషాలల్ల పోతది, కంప్రెసర్ల నల్ల నూనె మోరీల పారుతది. వాన్ని తిట్టి ఏం లాభం, వానికి ఎవ్వరు చెప్పలే, రాగికి తప్ప గ్యాస్‌కు ఎవ్వరు పైసలు ఇయ్యరు.

స్ప్లిట్ మెషిన్ విప్పేముందు మెకానిక్ తోని పంప్ డౌన్ చేయించుండ్రి. ఏసీ అయితే కూలింగ్‌ల నడుస్తుండంగ సన్న పైపు వాల్వ్ అలెన్ కీ తోని బంద్ చేస్తడు, గ్యాస్ అంతా ఔట్‌డోర్ యూనిట్లకు గుంజుకొని గేజ్ సున్నా దగ్గరికి రాంగనే లావు పైపు వాల్వ్ గూడ బంద్ చేసి స్విచ్ ఆపుతడు. ఐదు పది నిమిషాల పని. గ్యాస్ లోపలనే బందీ అయితది. అట్ల బంద్ చేసిన యూనిట్‌ను ఎక్కడ ఇయ్యాలంటే, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు. 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం ఏసీలు, ఫ్రిజ్‌లు చేసే కంపెనీ మీదనే రీసైక్లింగ్ బాధ్యత ఉన్నది, 2023-24ల 60 శాతం నుంచి మొదలుపెట్టి 2027-28 వరకు 80 శాతం చెయ్యాలె. కంపెనీ టోల్ ఫ్రీకి కొట్టి "మీ ఈ-వేస్ట్ కలెక్షన్ మా ఊర్ల ఎక్కడ" అని అడుగుండ్రి, కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు (సీపీసీబీ) పోర్టల్‌ల రిజిస్టర్ అయిన రీసైక్లర్ల లిస్ట్ ఉంటది. ఒక్క మెషిన్ కోసం హైదరాబాద్ కెళ్లి బండి రాదు, అపార్ట్‌మెంట్ల గాని గల్లీల గాని నాలుగైదు ఇండ్లోళ్లు కలిసి జమ చేసి పిలిస్తే వస్తరు. ఎక్స్‌చేంజ్ ఆఫర్‌ల సేటుకు ఇస్తే "ఇది యాడికి పోతది, రసీదు రాసియ్" అనండ్రి. చాలా మంది సేట్లు అదే ఆటో మైకోనికి అమ్ముతరు.

కొనే రోజు బిల్లు మీద మోడల్ నంబర్, గ్యాస్ పేరు, కంప్రెసర్ వారంటీ ఎన్నేండ్లు, పీసీబీ వారంటీ ఎన్నేండ్లు వేరే వేరేగ రాయించుకోండ్రి, కంప్రెసర్‌కు పదేండ్లు అని పెద్దగ రాసి పీసీబీకి ఏడాదే ఇచ్చేటోళ్లు ఉన్నరు, ముందుగాల కాలిపోయేది పీసీబీనే. స్పేర్లు ఎన్నేండ్లు దొరుకుతయి అని గూడ అడుగుండ్రి, కేంద్రం 2022 డిసెంబర్ల రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, కంపెనీ దాంట్ల ఉన్నదా చూడండ్రి. స్పేర్ ఇయ్యకున్నా, పచ్చ మాట చెప్పి రుజువు చూపియ్యకున్నా 1915కు కొట్టండ్రి, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగుల గూడ మాట్లాడుతరు, బిల్లు ఫొటో, ప్లేట్ ఫొటో దగ్గర పెట్టుకొని కొట్టండ్రి.